ఉపవాసంతో రండి

మా కంపెనీ చాలా పెద్దది. ఎంత పెద్దదంటే, గిద్దలూరు బ్రాంచిలో ఫ్యాను తిరగకపోతే హైదరాబాదుకు కంప్లయింటు పెట్టాలి. తిరగని ఫ్యానుకు ఫోటో తీసి పంపమంటారు. ఫోటోలో ఏ ఫ్యానూ తిరగదని చెప్పినా వినరు.

నేను అక్కడ రక్తపరీక్షల కౌంటర్లో పని చేసేదాన్ని. ట్రైనింగులో నేర్పిన మొదటి సంగతి, వచ్చినవాళ్ళను వరస పెట్టి పిలవకూడదని. అవ్వలు, పెద్దనాయనలు, వదినలు లేరు. అందరూ సర్లు, మేడమ్‌లు. మా కిరాణా దుకాణంలో నాయన ఉప్పు కొనే మనిషిని కూడా మామా అనకుండా పొట్లం కట్టడు. ఆయన కూతురినై నేను "మేడమ్" అని పిలిస్తే, బెంచీ మీది ఆడవాళ్ళంతా ఆ వచ్చిన మేడమ్ ఎవరా అని వాకిలి వైపు చూసేవాళ్ళు.

రాచర్ల వైపు నుంచి వచ్చే ఒక అవ్వ కూడా అట్లాగే చూసేది, చూపు సరిగ్గా ఆనకపోయినా. రెండు కళ్ళకూ శుక్లాలు. షుగర్ తగ్గితేగానీ ఆపరేషన్ చేయనన్నాడు కంటి డాక్టరు. అవ్వ బాధ కళ్ళ గురించి కాదు, మేకల గురించి. కనపడని కళ్ళతో మేపబోయి ఒక పిల్లను పొదల్లో పోగొట్టుకుంది. "కండ్లు బాగైతే సరే, లేకుంటే మంద అమ్మేస్తా. నేను ఆటో తోలాలా, మేకలు తోలాలా" అని కొడుకు తేల్చి చెప్పినాడట.

పరీక్షకు ముందురోజు కొడుకు ఫోనుకు కంపెనీ మెసేజి వచ్చేది: "దయచేసి ఉపవాసంతో రండి." దాన్ని తెలుగులోకి మార్చిందెవరో గానీ, వాళ్ళింట్లో ఒక్కరూ ఏ శనివారమూ ఉపవాసం ఉన్నట్టు లేదు.

అవ్వ తలకు పోసుకొని, బొట్టు పెట్టుకొని వచ్చేది. కంప్యూటర్ అడగమన్నట్టే, "ఉపవాసమేనా మేడమ్?" అని అడిగేదాన్ని. "నిష్టగా ఉండాను పాపా" అనేది. తీరా చూస్తే షుగర్ కొండెక్కి కూర్చునేది. కంటి డాక్టరు తిప్పి పంపేవాడు. మాత్రలు మార్చినా అంతే.

ఒకరోజు రక్తం తీసి దూది అదుముతుంటే, ఆమె రెండో చేత్తో కొంగుముడి విప్పి ఒక అరటిపండు నా ముందు పెట్టింది.

"తిను పాపా. రెండు తెచ్చుకుంటే ఒకటి మిగిలింది."

"ఇంకోటి ఏమైంది?"

"నేను తిన్నా గదా. పాలు తాగి, పండు తిని వచ్చినా. ఉపవాసానికి అన్నమే గదా కూడనిది. ఏంది, పండు గూడా తినకూడదా?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. కంపెనీ ఉపవాసం ఉండమంది, ఆమె తు.చ. తప్పకుండా ఉంది. మేడమ్‌ను పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, ఉపవాసం కాదు, పరగడుపు. రాత్రి అన్నం తిన్నాక, పొద్దున నా దగ్గరికి వచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ నోట్లో పెట్టుకోవద్దు."

"పరగడుపునా? ఆ ముక్క ముందే చెప్పకూడదా? పసరు మందు తాగి పెరిగినోళ్ళం, మాకు తెలవదా" అని నన్నే కసిరింది.

వారం తిరక్కుండా పరగడుపున వచ్చింది. షుగర్ దిగింది, ఆపరేషన్‌కు రోజు పెట్టారు. మెసేజి మార్చమని నేను హైదరాబాదుకు రాశాను. నా సూచన ఎంతో విలువైనదని జవాబొచ్చింది. ఆ తర్వాత కూడా జనాన్ని ఉపవాసంతోనే రమ్మన్నారు.

కొన్నాళ్ళకు అవ్వ నల్లద్దాలతో వచ్చింది. పరీక్షకు కాదు, నన్ను చూసేదానికి. ముఖం దగ్గరగా పెట్టి, "గొంతు విని లావుంటావనుకున్నా. పుల్ల మాదిరి ఉండావే" అని వెక్కిరించింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

"చూపు బాగా ఆనుతుందా అవ్వా? మేకలెట్లా ఉన్నాయి?"

"నువ్వు ఆనుతున్నావు. గోడ మీది గడియారం ఆనుతుంది." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "డాక్టరు తిప్పి పంపినప్పుడే మావాడు మంద అమ్ముతానని మాట ఇచ్చేసినాడు పాపా. నేను ఆసుపత్రిలో ఉండంగా కొన్నోళ్ళు తోలుకొని పోయినారు. ఇప్పుడు ఖాళీ దొడ్డి గూడా బాగా ఆనుతుంది."