గోడను వదలని మండీ అన్న

ఆ రోజుల్లో చిత్తూరులో మామిడికాయల టోకు బేరాల మండీ నడిపే మనిషి ఒకచోట కుదురుగా నిలబడడం ఎవరూ చూసి ఉండరు. అలాంటిది మా బడిలో బొమ్మల ప్రదర్శన పెట్టిన నాడు మండీ అన్న (ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది, ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుందని గిట్టనివాళ్లు అనేవారు) మూడో తరగతి గది గోడకు వీపు ఆనించి, మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. టీ తెస్తే చెయ్యి మాత్రం చాచి అందుకున్నాడు. బడి కరస్పాండెంటు పరుగున వచ్చి "ముఖ్య అతిథి వచ్చేసినాడు, దండ నువ్వే ఎయ్యాల, రా అన్నా" అంటే, "ఆయన్నే ఈడికి తోలుకోని రాండి, ఈడే ఏస్తా" అన్నాడు. భారీ మనిషి. ఆ వీపు వెనక ఏ బొమ్మ ఉందో నాకు తెలుసు. అది ఆయన కూతురు వేసింది. నా బోధనకు అంతకు మించిన సాక్ష్యం దొరకదని మురిసిపోయి, గోడ మధ్యలో, అందరి కళ్లూ పడేచోట నేనే స్వయంగా అంటించాను.

కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. పత్రికలో చేరకముందు ఒక ఏడాది నేను ఆ ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టారిని. నాకంటే ముందు నుంచి ఆ పాఠం చెబుతున్న పెద్దాయన్ని పిల్లలు చిలకయ్యోరు అనేవారు. ఆయన పాఠ్యప్రణాళిక మొత్తం ఒక చిలక. చిన్న తరగతులకు ఉత్త చిలక, ఆ పైవాళ్లకు చిలక నోట్లో జామకాయ, పెద్ద తరగతులకు అదే చిలకకు నీడ. ఆయన బోర్డు మీద వేస్తాడు, పిల్లలు చూసి వేస్తారు. ముక్కు వంపు తప్పిందంటే చెరిపించి మళ్లీ వేయిస్తాడు. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఎక్కడున్నా, కళ్లు మూసుకుని చిలకను దించేయగలరు.

నేను మాత్రం తిరుపతిలో కళాబోధన శిక్షణకు వెళ్లి వచ్చినవాణ్ణి. అక్కడ మాకు పాఠం చెప్పినాయన చిలకయ్యోరి లోకాన్ని ఒక్క పూటలో కూల్చేశాడు. పిల్లల చేత చూసి వేయించకూడదు. టీచరు బోర్డు మీద గీయకూడదు. 'ఇదేమిటి' అని అడగకూడదు, 'నీ బొమ్మ గురించి చెప్పు' అనాలి. అన్నిటికంటే నన్ను కట్టిపడేసిన సంగతి ఇంకొకటి. ఏడెనిమిదేళ్ల పిల్లలు కంటికి కనిపించేది గీయరట, తమకు తెలిసింది గీస్తారట. ఇల్లు వేస్తే గోడలోంచి మంచం కనిపిస్తుంది. చూలు ఆవును వేస్తే కడుపులో దూడ కనిపిస్తుంది. దాన్ని ఎక్స్‌రే బొమ్మ అంటారట. తిరుగు బస్సు చంద్రగిరి దాటేలోపే నేను మా బడిలో రబ్బర్లను నిషేధించాలని తీర్మానించేసుకున్నాను.

చిలకయ్యోరు అంతా ఓపిగ్గా విన్నాడు. "అయితే బోర్డు మీద ఏమేస్తావప్పా?" అన్నాడు.

"ఏమీ ఎయ్యను సార్."

"మరి నీకు జీతం దేనికిస్తారు నాయనా?"

కరస్పాండెంటు లెక్కల పాఠం చెప్పే మనిషి. ఆయన తీర్పు సూటిగా ఉంది. "ఈ టర్ము నీ పద్ధతే కానీ. అమ్మానాయన్లను పిలిచి బొమ్మలు సూపిద్దాం. వాళ్లకు నచ్చిందా, నీ పద్ధతి. నచ్చలేదా, చిలక." ఒక టర్ములో చిలకను ఎగరగొట్టాలి, లేదా నేనే దాని ముందు తల వంచాలి. నాకు అంతకు మించిన యుద్ధం అప్పట్లో లేదు.

'మా నాయన చేసే పని' అని అంశం ఇచ్చాను. (ఇంతకంటే అమాయకమైన అంశం ఉంటుందని అప్పుడు తోచలేదు.) పిల్లలు రెచ్చిపోయారు. కోర్టు గుమాస్తా కొడుకు ఫైళ్ల గుట్టనూ దాని వెనక నిద్రపోతున్న నాయననూ వేశాడు. మండీ అన్న కూతురు మండీ వేసింది. మీసాలతో నాయన, చుట్టూ గంపలు. గంపల అల్లికలోంచి లోపలి మామిడికాయలు, కాయల నడుమ తెల్లటి చిన్న పొట్లాలు, ఒక్కోదానికి ఎర్రదారం ముడితో సహా. నేను ఎగిరి గంతేశాను. అచ్చమైన ఎక్స్‌రే బొమ్మ! ఆ పొట్లాలేమిటన్న ఆలోచన నాకు రానేలేదు. మాది సత్యవేడు వైపు, వరి తెలుసు గానీ మామిడి తెలియదు. కాయ తొందరగా పసుపెక్కడానికి గంపలో కార్బైడు పొట్లాలు పెడతారనీ, అది నిషేధమనీ చిత్తూరులో పసిపిల్లలకు కూడా తెలుసు. శిక్షణ పొందిన నాకొక్కడికే తెలియదు.

ముఖ్య అతిథిగా రావాల్సిన రెవెన్యూ అధికారి ఆ ఉదయమే రాలేనన్నాడు. కరస్పాండెంటు అప్పటికప్పుడు తన తోడల్లుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆహార తనిఖీ అధికారి.

అదీ సంగతి. దండ గోడ దగ్గరే పడింది. అధికారి ఒక్కో బొమ్మా చూస్తూ వచ్చి మండీ అన్న ముందు ఆగాడు. "ఈయన వెనకాల కూడా ఏదో బొమ్మ ఉండేట్టుండాదే?"

"ఉత్త గోడ సార్" అన్నాడు మండీ అన్న.

"అది నా బొమ్మ సార్!" అని జనంలోంచి కూతురు దూసుకొచ్చింది. "ఎవురికీ కనపడనీకుండా నిలబడుకోనుండాడు సూడండి! జరుగు నాయనా!" అని పంచె పట్టి లాగింది. పంచెనా, బొమ్మనా అని ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పంచెను కాపాడుకున్నాడు.

అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఈ తెల్లగా ఉండేవి ఏంది?"

ఇక నేను ఆగలేకపోయాను. అలా అడగకూడదని ఆయనకు వినయంగా చెప్పి, తిరుపతిలో నేర్చుకున్నదంతా అప్పజెప్పాను.

"అంటే, లోపల ఉండేది తెలిసే గీసిందంటావు?"

"నూటికి నూరుపాళ్లు సార్. ఈ వయసులో తెలియనిది గీయలేరు."

మండీ అన్న నా వంక చూసిన చూపును నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "ఊహించుకోని గీసింటాది సార్. పిల్లోళ్లకు ఊహ జాస్తి. ఊహను పెంచాలని ఈ అయ్యోరే అమ్మానాయన్ల మీటింగులో చెప్పినాడు" అన్నాడు.

"ఊహాచిత్రం వేరండీ. ఇందులో దారం ముడి చూడండి, ఎంత..." అని నేను ఇంకా ఏదో చెప్పబోయాను.

చిలకయ్యోరు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. "సార్, పాపకు ఇంకా చెయ్యి తిరగలేదు. కాయే గీయబోయింది, గుండ్రం కుదర్లా, రంగూ అయిపోయింది. అందుకే సూసి ఏయించాలనేది."

"అదీ మాట!" అన్నాడు మండీ అన్న. "పెద్దయ్యోరు చెప్పిందే కరెక్టు. సూసి ఏయించాల!"

బొమ్మల బోధన మీద అంత వేడిగా జరిగిన చర్చ నేను మళ్లీ ఎక్కడా వినలేదు. కానీ పాపకు రోషం వచ్చింది. "నాకు గుండ్రం బాగా వచ్చు! అవి కాయలు కాదు, పొట్లాలు!"

అధికారి మోకాళ్ల మీద వంగాడు. నేను నేర్పిన పాఠం ఆయనకు బాగానే ఎక్కింది. "నీ బొమ్మ గురించి చెప్పు పాపా" అన్నాడు.

"అది మాత్రం ఎవురికీ చెప్పకూడదని చెప్పినాడు మా నాయన."

అధికారి లేచి, "మొదటి బహుమతి ఈ బొమ్మకే" అని ప్రకటించాడు. తర్వాత మండీ అన్న చెయ్యి పట్టుకుని మెల్లగా, "రేపు పొద్దున మీ మండీకి వస్తానన్నా, కాయలు రుచి సూద్దాం" అన్నాడు. వెళ్లాడు కూడా. గంపల్లో కాయలు, ఎండుగడ్డి తప్ప ఏమీ లేవట. చిత్తూరులో ఇంత శుభ్రమైన మండీ చూడలేదని మెచ్చుకున్నాడట.

నా పని మాత్రం ప్రదర్శన రోజే అయిపోయింది. ఆ గదిలోని ప్రతి తండ్రీ అప్పటికే సొంత బిడ్డ బొమ్మ దగ్గరికి వెళ్లి, దగ్గరగా వంగి, ఒక్కో మూలా వెతుక్కుంటున్నాడు. కోర్టు గుమాస్తా తన బొమ్మను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇంకా కొన్ని బొమ్మలు అలాగే గోడ దిగాయి. కరస్పాండెంటు ఏ పద్ధతి నచ్చిందని అడిగితే, అంతా ఒకే గొంతుతో "చిలకే బాగుండాది సార్" అన్నారు. మర్నాడు చిలకయ్యోరు నా చేతిలో సుద్దముక్క పెట్టి, "బాధపడబాకప్పా. ఎనిమిదో తరగతికి నీడ నువ్వే ఎయ్యి" అన్నాడు. వేశాను. ఆ ఏడాది ముగిసేసరికి పత్రికలో ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు ఆ మండీ పాపదే. ఈ సీజన్లో ఒక సాయంత్రం ఫోను చేసింది. బడుల్లో పద్ధతి మళ్లీ మారిందట, ప్రతి పాఠంలోనూ బొమ్మ ఉండాలట, పిల్లలు సొంతంగా వేయాలట. "మా పిల్లోడు ఫోన్లో ఏదో కార్టూను సూసి దించతా కూర్చోనుండాడు సార్. ఏం గీయమని చెప్పేది?"

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఏమీ లేదు. వెనకటి ఉత్సాహంతోనే, "వాడికి బాగా తెలిసింది గీయమనమ్మా" అన్నాను.

అవతల లారీ హారన్లు, గంపలు దించే చప్పుడు వినిపించాయి.

"మండీ కాకుండా ఇంకేమన్నా చెప్పండి సార్" అంది.

నేను గట్టిగా నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. వాడు చివరికి ఏం గీశాడో నాకు ఇంతవరకు తెలియలేదు.