బ్రేకు మీద నా కాలు

పదో తరగతి దాటలేని నన్ను కొత్తపేటల జనం ‘సార్’ అనేటోళ్లు. డ్రైవింగ్ స్కూల్ల కారు నేర్పేటోణ్ని మరి. నాదర్‌గుల్‌ల ఒక కాలేజీ బస్సు నడిపే పని దొరికింది గానీ, మంచిగ పనిజేసిండని ఇప్పటి ఓనర్ లెటర్ తెస్తెనే తీసుకుంటమన్నరు.

మా ఓనర్‌ది గుంటూరు. “నేర్చుకునేవాళ్లని మధ్యలో వదిలేసి పోతే ఎలాగయ్యా? కనీసం మా ఆవిడకైనా పూర్తిగా నేర్పు, రాసిస్తా” అన్నడు.

ఆమెకు భయం. నాకింకా భయం. నేర్పేటోళ్ల కోసమని నా సీటు కింద కాళ్లకాడ పెట్టిన రెండో బ్రేకు తొక్కుతనే ఉండేటోణ్ని. తెలంగాణ బంద్ నాడు పొద్దున్నే రోడ్డు ఖాళీ. ధైర్యంజేసి కాళ్లు ముడుచుకొని కూసున్న. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక ఆమే నడిపింది. ఓనర్ లెటర్ రాసిచ్చిండు.

“జూశిన్రా మేడం, ఎంత మంచిగ నేర్పిన!” అన్న.

“మీరు బ్రేకు మీంచి కాలు తీశాకే కదండీ నాకొచ్చింది!” అన్నదామె.