పొయ్యి పక్కన పెట్రోలు వాసన

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ముదిరి బస్సులు ఆగిపోయిన రోజుల్లో మా అక్కను జనగామ నుంచి వరంగల్ దవాఖానకు నేనే కారులో తిప్పేవాణ్ణి. ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించకపోతే బతకదు. కారు మా నాయిన కొన్న పాతది. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది. కానీ రోడ్డు మీద గుంపు కనిపిస్తే ముందు వెనక సీట్లో ఉన్న అక్కను చూసుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం తిరిగి వస్తుంటే దారిలో రాస్తారోకో. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, నిరసనగా అక్కడే వంట చేస్తున్నారు. కారు ఆపగానే పెట్రోలు వాసన గుప్పుమంది. ఇంజన్ ఆపి బానెట్ ఎత్తి చూశాను. పెట్రోలు పైపు ఎండి పగిలింది. చుక్కలు రాలుతున్నాయి.

"అక్కా, దిగు. దూరం పోవాలె."

"నాతోని కాదురా. ఇక్కన్నే పండుకుంటా."

ఆమెను దాదాపు ఎత్తుకునే తీసుకెళ్లి పొలం గట్టున కూర్చోబెట్టాను. తర్వాత వంట చేస్తున్న ముసలామె దగ్గరికి పోయాను.

"అవ్వా, బండిల పెట్రోల్ కారుతుంది. జర పొయ్యి ఆర్పుండ్రి."

"గిప్పుడే బియ్యం పోసినం గద బిడ్డా!"

అంటూనే గట్టు మీద తల వాల్చిన అక్కను చూసింది. వెంటనే కట్టెలు లాగి నీళ్లు పోసింది. బీడీలు తాగుతున్న మగవాళ్లను కేకలేసి తరిమింది. కొందరు వచ్చి కారును దూరంగా తోశారు.

ఇంజన్ చల్లారేదాకా ఊరికే నిలబడటమే కష్టమైంది. తర్వాత బ్యాటరీ వైరు ఊడదీశాను. ట్యాంకులో ఒత్తిడి పోవడానికి మూత తెరిచి మూశాను. పాత పైపు లాగి, అందులోంచి కారినదాన్ని రేకు డబ్బాలో పట్టి దూరంగా పెట్టాను. డిక్కీలో ఉంచుకున్న కొత్త పైపు ముక్క ఎక్కించి క్లిప్పులు బిగించాను. తడంతా తుడిచి, వాసన పోయాకే వైరు కలిపాను. ఇంజన్ నడుస్తుండగా అతుకుల దగ్గర వేలు పెట్టి చూశాను. తడి లేదు.

"ఇగ పొయ్యి ముట్టియ్యొచ్చా?" అని అడిగింది ముసలామె.

"మేం పోయినంక ముట్టియ్యిండ్రి అవ్వా."

వాళ్లే రాళ్లు జరిపి దారి ఇచ్చారు. జనగామ చేరేసరికి అక్క కళ్లు మూసుకునే ఉంది. అట్లనే అడిగింది.

"మళ్ల దవాఖానకు ఎప్పుడురా?"

"ఎల్లుండే."

చేతులకు పెట్రోలు కంపు కొడుతుండగానే ఆమెను ఇంట్లోకి నడిపించుకుపోయాను.