నవ్వని ఫోటో

మేడ్చల్‌లో నా ఫోటో స్టూడియోకి వచ్చే పిల్లలతో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా వాళ్ల వెంట వచ్చే పెద్దవాళ్లతోనే. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నప్పటి నుంచి ఈ కెమెరాతోనే ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయే ఆయనంతగా విసిగించిన మనిషిని మాత్రం చూడలేదు.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఒకాయన కిందటి వానాకాలం ఇంటర్ చదివే కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి కాలేజీ మానేసిందట, గదిలోంచి బయటికి రావడం లేదట. ఫోటో దిగుతానని మాత్రం తనే అడిగిందట.

"అన్నా, నువ్వు ఎవల్నైనా నవ్విపిస్తవంట గదా. జర నా బిడ్డను నవ్విపియ్యి."

స్టూలు మీద కూర్చోబెట్టి నా జోకులన్నీ వరసగా వదిలాను. వాటికి పోలీసులు కూడా పళ్లు బయటపెడతారు. ఆ అమ్మాయి కరెంటాఫీసు కౌంటర్లో గుమాస్తాలా చూసింది. నేను కెమెరా ఎత్తినప్పుడల్లా వెనక నుంచి ఆయన కేకలు: "నవ్వు బిడ్డా! పండ్లు కనవడాలె! గదువ జర పైకెత్తు!"

"ఓ పెద్దమనిషీ, ఫోటో నీదా, ఆమెదా?" అన్నాను విసుగొచ్చి.

అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది. "నవ్వే ఫోటోలు మా నాయిన ఫోన్ల మస్తున్నయ్ అన్నా. మనసు మంచిగ లేదు, దవాఖానకు తీస్కపో అంటే అవే సూపిస్తడు. గింత మంచిగ నవ్వుతున్నవ్, నీకేం రోగం అంటడు. ఇప్పుడు నేనెట్లున్ననో గట్లనే తియ్యి."

ఆయన్ని చాయ్ తాగి రమ్మని బయటికి తోసి తలుపేశాను. తను ఒక లైటు ఆర్పించింది, జడ విప్పుకుంది, గోడవైపు కొంచెం తిరిగి కూర్చుంది. నేను నోరు మూసుకున్నాను. నా పెళ్లిలో పంతులు బతిమాలినా కుదరని పని అది.

చాయ్ తాగొచ్చాక ఫోటో చేతికి రాగానే ఆయన అన్న మొదటి మాట: "కండ్ల కింద నలుపు తీసెయ్యరాదే అన్నా?"

ఎవరూ అడక్కముందే మొహాలకు సున్నం కొట్టే వృత్తి మాది. అయినా ఒళ్లు మండింది. "తీస్తే మళ్ల ఏం రోగమని అడుగుతవ్. నేను తియ్య."

ఫోటో చూశాడు, కూతుర్ని చూశాడు. "ఇంట్ల గూడ గిట్లనే ఉంటున్నవా బిడ్డా?"

"రోజు నీ ముంగటనే ఉంటున్న గదా నాయినా."

భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పా, దవాఖానకు పోదాం."

హమ్మయ్య అనుకున్నాను. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "అన్నా, ఎట్లనో ఒచ్చినం గదా, నవ్వేది గూడ ఒకటి తీస్తవా?"

నేను తల పట్టుకున్నాను.

"నడువు నాయినా," అంటూ ఆ అమ్మాయి ఆయన చేతిలోంచి బండి తాళం తీసుకుంది.