యోగానంద్ గారి పన్నెండు వోల్టులు

మా యోగానంద్ గారికి ఒక్కటే అలవాటు. ఎవరింటికి వెళ్ళినా, మంచినీళ్ళ గ్లాసు అందుకునేలోగా ఎదురుగా ఉన్న కరెంటు వస్తువును బోర్లించి, అడుగున అంటించిన స్టిక్కర్ చదువుతారు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకుంటారు. ఆనక నిట్టూర్చి, "దీనికి పన్నెండు వోల్టులు చాలునండీ" అంటారు.

ఆయన రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు. అమెరికాలో, ఈ రెడ్‌మండ్‌లో మాకు నాలుగిళ్ళ అవతల ఉంటారు. ఇక్కడ ఎండ కాస్తే వాట్సాప్ గ్రూప్‌లో ఫోటోలు పెట్టుకుంటాం. అలాంటి ఊళ్ళో ఆయన తన పాత ఎలక్ట్రిక్ కారు నెత్తిన సోలార్ ప్యానెల్ బిగించారు.

"రోజంతా ఎండలో పెడితే ఎంత దూరం వెళ్తుందండీ?"

"ఆరు మైళ్ళు."

"ఎండ లేకపోతే?"

"అందరిలాగే ప్లగ్ పెడతాను. మీరు మరీ గుచ్చి గుచ్చి అడుగుతారే."

ఓసారి భోజనానికి పిలిచారు. కారు వైపర్ మోటారుతో తనే తయారుచేసిన మిక్సీలో కొబ్బరి పచ్చడి మొదలుపెట్టారు. మేం పప్పు ముగించి సాంబారుకొచ్చాం, మజ్జిగకొచ్చాం. అది తిరుగుతూనే ఉంది. "ఇంకో పావుగంట" అని ఆయన వంటింట్లోంచి కేకేశారు. వాళ్ళావిడ పద్మిని గారు చప్పుడు కాకుండా ఓ గిన్నె తెచ్చి, "పొద్దున్నే మామూలు మిక్సీలో చేసి దాచా. ఆయనకి చెప్పకండి" అన్నారు.

అందుకే ఆయన వస్తున్నారంటే నేనూ, మా ఆవిడ విద్యా కలిసి ఇంట్లో వస్తువులు దాచేవాళ్ళం. ముఖ్యంగా నా ఫుట్ మసాజర్. నలభై ఎనిమిదేళ్ళకే మిషన్‌తో కాళ్ళు పట్టించుకుంటున్నానని నలుగురికీ తెలియడం నాకు ఇష్టం లేదు.

మార్చిలో మాత్రం మా అత్తగారు వసుమతి గారి నెబ్యులైజర్ దాచలేకపోయాం. ఆవిడ ఆయాసానికి మందు పీలుస్తుండగానే ఆయన వంగి దాని అడుగు చూశారు.

"విద్యా, ఈయన నా ఊపిరి కూడా రాసుకుంటున్నారే" అన్నారావిడ.

నవంబరులో గాలివాన వచ్చింది. చెట్లు విరిగి వైర్ల మీద పడి, ఊరంతా కరెంటు పోయింది. రెండు రోజుల దాకా రాదన్నారు. మధ్యాహ్నం రెండింటికి అత్తగారికి మందు పెట్టాలి. మా గ్యారేజీకి అడ్డంగా పెద్ద కొమ్మ పడి ఉంది, కారు బయటికి రాదు. రెండున్నర అయ్యేసరికి ఆవిడ మాట మాటకీ ఆగుతున్నారు. విద్య నా వంక చూస్తోంది. నేను ఫోన్ వంక చూస్తున్నాను. అందులో మూడు శాతం ఉంది.

అప్పుడు ఇంటిముందు చప్పుడు లేకుండా ఓ కారు ఆగింది. యోగానంద్ గారు వానకోటులో దిగారు. భుజాన వైర్ల చుట్ట. అందులోంచి ఒకటి లాగి, కారులోని పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి కిటికీ మీదుగా లోపలికి తెచ్చి గుచ్చారు. నెబ్యులైజర్ బుర్రుమంది. ఆ వైరుకి చిన్న చీటీ కట్టి ఉంది: 'వసుమతి గారు. మార్చి.'

"అప్పుడే చేసి పెట్టారా?" అంది విద్య.

"అవునమ్మా. దీంతో పని పడకూడదనే అనుకున్నా."

చుట్టలో ఇంకా చీటీలున్నాయి. 'కేశవరావు గారు, గురక మిషన్.' 'ఇషా, పాపాయి పాలసీసా వేడిచేసేది.' మా వీధి వీధంతా ఆయన భుజాన వేలాడుతోంది.

అత్తగారు నిండుగా ఊపిరి తీసుకుని, "ఈయనకి కాఫీ పెట్టవే" అన్నారు.

ఆయన మరో వైరు నా చేతిలో పెట్టారు. చీటీ మీద నా పేరు, కింద 'ఫుట్ మసాజర్.'

"అది మీకెలా తెలుసండీ?"

"జూన్‌లో బాత్రూమ్ అనుకుని మీ దుప్పట్ల అలమార తీశాను లెండి. దానికీ పన్నెండు వోల్టులు చాలు."

"ఏదీ, అల్లుడుగారూ, ఓసారి ఇటు ఇవ్వండి" అన్నారు అత్తగారు. "నా కాళ్ళూ లాగుతున్నాయి."

కరెంటు వచ్చేదాకా ఆ మసాజర్ ఆయన కారుతోపాటు ఇల్లిల్లూ తిరిగింది. నా వంతు మాత్రం రాలేదు.