మంచు మధ్య నల్లని నీళ్ళు

జర్మనీలోని కెమ్నిట్జ్ నుంచి వెళ్తున్న రైల్లో కిటికీలోంచి గడ్డకట్టిన చెరువు ఒకటి కనిపించింది. మధ్యలో కొంత మేర మాత్రం నల్లగా నీళ్ళున్నాయి, వాటిలో బాతులు ఈదుతున్నాయి. ఇక్కడ రైల్లో కొత్తవాళ్ళతో ఎవరూ మాట్లాడరని తెలిసినా ఉండబట్టలేక, "అక్కడెందుకు గడ్డకట్టలేదండీ?" అని ఎదుటి సీట్లోని పెద్దావిడని అడిగాను.

ఆవిడ నవ్వి, పరిశోధన ఓడలో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన రోజుల గురించి చెప్పింది. గడ్డకట్టిన సముద్రంలో గాలి మంచుని తోసేసిన చోట ఇలాగే నీళ్ళు తెరుచుకుంటాయట. దాన్ని పోలీనియా అంటారట. ఒకసారి గాలి ఆగిపోయి ఆ నీళ్ళు మూసుకుపోతుంటే, తెల్ల తిమింగలాలు ఊపిరి కోసం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తలలెత్తాయట.

"మంచు బిగుసుకునేలోపు మా ఓడ బయటపడాలి. వచ్చేశాం," అంది.

"తర్వాత అవి ఏమయ్యాయి?"

"తెలియదు."

మా వాళ్ళయితే వెంటనే ఏదో ఒక ధైర్యం చెప్పేవాళ్ళు. ఆవిడ చెప్పలేదు. నేనే వచ్చీరాని జర్మన్‌లో, "బయటపడే ఉంటాయండీ," అన్నాను.

"మీకెలా తెలుసు?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"మళ్ళీ గాలి వీచి ఉండొచ్చు కదా!"

"కావచ్చు," అంది ఆవిడ. తన స్టేషన్ వచ్చేదాకా, ఆ గాలి ఎటు నుంచి వీచి ఉండాలో ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.