ఎండబెట్టిన మోటారు

మా బందరులో జనం పడేసేవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్యాను తిరగకపోతే ఫ్యానే పారేస్తారు. పోయింది లోపల బొటనవేలంత కండెన్సరు. జారు కింద రబ్బరు ముక్క అరిగితే మిక్సీ మొత్తం వీధిలోకి వస్తుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే రకాలు. గుడివాడలో ఒకాయన తాతల నాటి ఇత్తడి కుళాయిలు పీకించి, తళతళలాడే ప్లాస్టిక్‌వి పెట్టించుకున్నాడు. పైగా నాకు చూపించి మురిసిపోయాడు. పెద్ద పెద్ద చదువులు చదివారు గానీ స్క్రూడ్రైవరు ఎటు తిప్పాలో తెలియదు.

నేను బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. చెత్తకుప్ప దగ్గర ఆగడం నాకు నామోషీ కాదు. పెరటి గది నిండా స్విచ్చులు, గీజరు కాయిళ్ళు, వాషింగ్ మెషిన్ బెల్టులు. మా ఆవిడ దాన్ని శ్మశానం అంటుంది. ఆవిడ మిక్సీ ఇన్నేళ్ళుగా తిరుగుతున్నది ఆ శ్మశానం పుణ్యమేనని నేను గుర్తు చేస్తుంటాను.

ఆ ఏడు తుపానుకి సముద్రం పోటెత్తి మా వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక వెనక వీధిలో ఉండే బ్యాంకు ఆఫీసరు పిండి గ్రైండరు తెచ్చి గేటు బయట పెట్టాడు. కొని ఏడాది కూడా కాలేదు. మోటారు నేను పట్టుకెళ్తానంటే, రెండు రోజులు ఉప్పునీళ్ళలో నానిందండీ, ప్రమాదం, వద్దు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టుకునేవాడు నాకు మోటార్ల గురించి చెప్పడమా? ఆయన లోపలికి వెళ్ళాక విప్పి తెచ్చుకున్నాను. వడ్లు, మిరపకాయలు, చేపలు, అన్నిటికీ ఎండే మందు మా నేలలో. మోటారుకేం రోగం? నాలుగు రోజులు డాబా మీద ఆరబెట్టి కరెంటిచ్చాను. ఝుమ్మని తిరిగింది. పై రేకు మీద టెస్టరు పెట్టి చూస్తే వెలగలేదు, అంటే కరెంటు బయటికి పాకడం లేదు.

నాగాయలంకలో ఉన్న మా చెల్లెలు, భర్త పోయాక, ఎండుచేపల పని మానేసి, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళకి ఇడ్లీలు వండి పెడుతోంది. ఆ పిండి మీదే ఆమె బతుకు. సరిగ్గా అప్పుడే ఆమె గ్రైండరు మోటారు కాలిపోయింది. కొత్త గ్రైండరు తీసుకుందామనుకుంటున్నానని ఫోన్ చేస్తే, నువ్వూ ఈ పడేసే మందలో చేరావా అని తిట్టాను. బస్సెక్కి వెళ్ళి నా మోటారు బిగించాను. రెండు రోజులు వెన్నలా రుబ్బింది. నేను అక్కడే ఉండి, కాలు మీద కాలేసుకుని ఇడ్లీలు తిన్నాను.

మూడో రోజు తెల్లవారేసరికి ముసురు పట్టింది. వంటింట్లో గిన్నె పడిన చప్పుడైతే వెళ్ళాను. చెల్లెలు గోడవారగా పడి ఉంది. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. గ్రైండరు తిరుగుతూనే ఉంది. ప్లగ్గు పీకాను. ఆమెను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

షాకు కొట్టినా గుండెకి ఏమీ కాలేదన్నారు అక్కడ. చెయ్యి మాత్రం కుదురుకోవడానికి నెలలు పడుతుందన్నారు. మంచం మీద లేచి కూర్చుని, ఆ మోటారు ఎక్కడిదని అడిగింది. చెప్పాను. ఉప్పునీళ్ళ సంగతి కూడా దాచలేదు.

“చేపని ఎన్నాళ్ళు ఎండబెట్టినా నీళ్ళే పోతాయి గానీ ఉప్పు పోదు కదన్నయ్యా. ముసురు పడితే మళ్ళీ చెమ్మెక్కిపోద్ది” అంది.

కోపంగా కూడా అనలేదు. ముప్పై ఏళ్ళు కరెంటుతో పనిచేసినవాణ్ణి, ఈ ముక్క చేపలు ఎండబెట్టిన మనిషి చెబితే గానీ నాకు తట్టలేదు. మోటారులో మిగిలిన ఉప్పు చెమ్మెక్కి, గ్రైండరు ఒంటికి కరెంటు పాకింది.

మర్నాడు చెల్లెలు ఇంటికొచ్చింది, కొత్త గ్రైండరూ వచ్చింది. ఆమె బదులు పక్కింటావిడ పప్పు రుబ్బుతోంది. పాతదాన్ని ఎవరో ఈడ్చుకెళ్ళి వీధి అరుగు కింద పెట్టారు. దాని పక్కన ఎప్పుడు చతికిలబడ్డానో నాకే తెలియదు. కండెన్సరు బాగానే ఉంది, పుల్లీ గట్టిది, వైండింగు మళ్ళీ చుట్టిస్తే మోటారు కూడా పనికొస్తుందని లెక్కేసుకుంటూ ఒక స్క్రూ ఊడదీశాను.

చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

“విప్పకన్నయ్యా. ఇంకెవరింట్లో బిగిస్తావు?”

స్క్రూడ్రైవరు కింద పెట్టాను. కటింగ్ ప్లేయరు తీసి మోటారు తీగలు కోయడం మొదలుపెట్టాను. ఆఖరి తీగ తెగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసి, అప్పుడు లోపలికి వెళ్ళింది.